పాఠం చూడటం, చూశాక మాట్లాడటం: హెడ్మాస్టర్లకు తరగతి పరిశీలన మార్గదర్శి

స్కూల్ అసిస్టెంటుగా (హైస్కూల్ టీచరుగా) ఉన్నవాళ్లు ప్రమోషన్ మీద హెచ్‌ఎం సీట్లో కూర్చున్న మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఇది: "క్లాసులు చూడాలంటారు, సరే. వెళ్లి ఏం చూడాలి? ఏం రాయాలి? బయటికొచ్చాక ఆ టీచర్‌తో ఏం మాట్లాడాలి?" ఈ మూడింటికీ వరసగా జవాబు రాస్తున్నాను. ఆరు నుంచి పది దాకా తరగతులు, పది పన్నెండు మంది టీచర్లు ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలును దృష్టిలో పెట్టుకున్నాను. ప్రాథమిక పాఠశాల సంగతి, ఇన్‌చార్జి హెచ్‌ఎంల ఇబ్బంది చివర్లో ఉన్నాయి.

ఫారం నింపడానికైతే ఇంత అవసరం లేదు. ఇరవై గడులున్న ఫారంలో టిక్కులు పెట్టి సంతకం చేస్తే సరిపోతుంది. ఒక్కో టీచర్ బోధనలో ఒక్క చిన్న మార్పు రావాలి, అది నిలిచిందో లేదో మళ్లీ వెళ్లి చూడాలి అనుకునేవాళ్ల కోసం ఈ పద్ధతి.

1. ముందు మీ క్లాసుకు వాళ్లను పిలవండి

హెచ్‌ఎంకూ కొన్ని పీరియడ్లు ఉంటాయి కదా. పరిశీలన అక్కడి నుంచే మొదలుపెట్టండి. మొదటి రెండు వారాలు ఎవరి క్లాసుకూ వెళ్లకుండా, ఇద్దరు ముగ్గురు టీచర్లను వాళ్ల లీజర్ (ఖాళీ) పీరియడ్‌లో మీ క్లాసుకు రమ్మనండి.

రమ్మన్నప్పుడు పని కూడా చెప్పండి. "ఊరికే చూడండి" అంటే "చాలా బాగా చెప్పారు సార్" అనేసి వెళ్లిపోతారు. "నేను ఎంతమంది పిల్లల పేర్లు పిలిచానో లెక్కపెట్టండి" అనండి. నేను మొదటిసారి ఇలా పిలిచినప్పుడు తెలుగు మేడమ్ వెనక బెంచీలో కూర్చుని, చివర్లో చిన్న కాగితం ఇచ్చారు. నలభై మంది ఉన్న క్లాసులో నేను పిలిచింది ఐదుగురినే. అందులో ఒకడి పేరు ఏడుసార్లు! పదిహేనేళ్లు లెక్కలు చెప్పాక తెలిసిన విషయం అది.

ఆ వారం స్టాఫ్ మీటింగ్‌లో ఆ కాగితం అందరికీ చూపించండి. తర్వాత ఈ నాలుగు మాటలు స్పష్టంగా చెప్పండి:

- చెప్పకుండా ఎవరి క్లాసుకూ రాను.
- చూసింది మీకు తప్ప ఇంకెవరికీ చెప్పను.
- మెమోలకు, సెలవులకు, ఆలస్యాలకు దీంతో సంబంధం లేదు.
- ఒక్కసారికి ఒక్క విషయమే మాట్లాడుకుందాం.

మూడో మాట మీద గట్టిగా నిలబడాలి. ఎవరైనా రోజూ ఆలస్యంగా వస్తుంటే దాని గురించి ఆఫీసు రూములో వేరే రోజు మాట్లాడండి. పాఠం చూసిన వంకతో ఆ మాట ఎత్తారంటే మిగతా టీచర్లందరూ మిమ్మల్ని ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన మనిషి కిందే లెక్కేస్తారు.

2. టైమ్ ముందే కేటాయించండి

"మాకు టైమ్ ఎక్కడిదండీ" అనేది న్యాయమైన మాటే. హాజరు అప్‌లోడ్, మధ్యాహ్న భోజనం లెక్కలు, యూడైస్ ప్లస్ (బడి వివరాల ఆన్‌లైన్ నమోదు), బ్యాంకు పని, మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేసి మూడింటికల్లా పంపమనే రిపోర్టు. ఇవన్నీ అయ్యాక క్లాసుకు వెళ్దామనుకుంటే ఏడాదిలో ఒక్కసారి కూడా కుదరదు.

లెక్క వేసుకోండి. పన్నెండు మంది టీచర్లు, వారానికి రెండు పరిశీలనలు. ఆరు వారాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. ఒక్కో పరిశీలనకు ముందు మాట ఐదు నిమిషాలు, పాఠం 45, తర్వాత మాట 20, మళ్లీ చూడటానికి 15. వారానికి రెండంటే మొత్తం 170 నిమిషాలు, అంటే మూడు గంటల లోపే.

ఈ మూడు గంటల్ని మీ టైమ్‌టేబుల్‌లో పీరియడ్ల లాగే రాసి గోడకు అంటించండి. మంగళవారం, గురువారం మూడో పీరియడ్ అనుకోండి. మొదటి పీరియడ్ వద్దు, హాజరు పనులు ఉంటాయి. భోజనానికి ముందు పీరియడ్ కూడా వద్దు, వంట దగ్గరి నుంచి ఎవరో ఒకరు పిలుస్తారు. ఆ 45 నిమిషాలు ఆఫీసు చూసుకునే బాధ్యత ఒక సీనియర్ టీచర్‌కు అప్పగించి, ఫోన్ సొరుగులో పెట్టి వెళ్లండి.

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్), ఎస్‌ఏ (సమ్మేటివ్) పరీక్షల వారాలు, బడి తెరిచిన మొదటి వారం వదిలేయండి. పదో తరగతి జనవరి నుంచి రివిజన్‌లోకి వెళ్తుంది కాబట్టి ఆ తరగతి పాఠాలను దసరా లోపే చూసేయడం మేలు.

3. పాఠానికి ముందు ఐదు నిమిషాలు

ముందు రోజు స్టాఫ్ రూములోనో వరండాలోనో నిలబడి మాట్లాడితే చాలు. పాఠ్య ప్రణాళిక తెప్పించుకుని ఆఫీసులో చదవకండి, అది అప్పటికే ఇన్‌స్పెక్షన్ అయిపోతుంది. మూడు ప్రశ్నలు అడగండి:

- పీరియడ్ అయ్యేసరికి పిల్లలు ఏం చేయగలగాలి?
- ఎక్కడ తడబడతారని మీకు అనిపిస్తోంది?
- నన్ను ఏం గమనించమంటారు?

రెండో ప్రశ్నకు వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. "భిన్నాల కూడిక సార్, హారాలు వేరైనప్పుడు తప్పులు చేస్తారు" అన్న టీచర్ పాఠం గురించి ముందే ఆలోచించుకున్నట్టు. "ఏమీ ఉండదు సార్, తేలికైన పాఠమే" అన్నారంటే పిల్లల నోటుబుక్కులు కాస్త ఎక్కువ చూడాలని మీకు అర్థమైపోతుంది.

మూడోదానికి చాలామంది "మీ ఇష్టం సార్" అంటారు. అప్పుడు మీరే రెండు చెప్పి ఒకటి ఎంచుకోమనండి: ఎవరెవరు మాట్లాడుతున్నారో రాయనా, మీరు అడిగే ప్రశ్నలు రాయనా?

4. క్లాసులో కూర్చున్నప్పుడు

బెల్ కొట్టక ముందే వెళ్లి వెనక బెంచీలో పిల్లల పక్కన కూర్చోండి. టీచర్ బల్ల పక్కన కుర్చీ వేయించుకుంటే పిల్లలందరూ మీ మొహమే చూస్తుంటారు. మధ్యలో లేవడం, మధ్యలో వెళ్లిపోవడం చేయకండి.

తెల్ల కాగితం మీద పిల్లలు కూర్చున్న వరసలు గీయండి. ఒక్కో పిల్లవాడికి ఒక గడి. ఎవరు నోరు విప్పితే ఆ గడిలో టిక్కు. బోర్డు దగ్గరికి పిలిస్తే చిన్న సున్న. అందరూ కలిసి ఒకేసారి చెప్పిన జవాబులకు టిక్కు వద్దు, పక్కన గీతలు పెట్టి లెక్కపెట్టండి. పావుగంటలోనే బొమ్మ బయటపడుతుంది: ముందు రెండు బెంచీలు నిండిపోయి ఉంటాయి, ఒక మూల ఖాళీగా ఉంటుంది.

టీచర్ అడిగిన ప్రశ్నల్ని ఉన్నవి ఉన్నట్టు రాయండి. "అర్థమైందా?" అన్నది ఎన్నిసార్లు వచ్చిందో విడిగా లెక్కపెట్టండి. ఆ ప్రశ్నకు మన పిల్లలకు తెలిసిన జవాబు ఒక్కటే, "అర్థమైంది సార్" అని పాట పాడినట్టు చెప్పడం.

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగారో కూడా చూడండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్సు క్లాసుల్లో దీన్నే కొలిచారు. టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతున్నాయని, ఎక్కువ మంది చెబుతున్నారని తేల్చారు. వాచీ అక్కర్లేదు, మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోండి. మూడు దాకా వెళ్లే క్లాసులు మీకు తక్కువే కనిపిస్తాయి.

పిల్లలు లెక్కలు చేసుకునే సమయంలో పక్క నాలుగైదు నోటుబుక్కులు చూడండి. బోర్డు మీది దాన్ని చూసి రాసిన పేజీతో మనకు పనిలేదు. సొంతంగా చేసిన లెక్క, సొంతంగా రాసిన వాక్యం ఉన్న పేజీ వెతకండి.

రాసేటప్పుడు ఒక నియమం. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు.

- వద్దు: "పిల్లల భాగస్వామ్యం తక్కువ."
- రాయండి: "36 మందిలో 7 మంది మాట్లాడారు. కిటికీ వైపు వరసలో ఎవరూ లేరు."
- వద్దు: "బోధన బాగుంది."
- రాయండి: "2/5 అన్న పిల్లవాణ్ని తప్పనకుండా, ఎలా వచ్చిందో చెప్పమని అడిగారు."

పాఠం మధ్యలో టీచర్ పొరపాటు చెప్పినా పిల్లల ముందు సరిదిద్దకండి. పరీక్షకు నష్టం చేసే తప్పయితే బయటికొచ్చాక ఆ రోజే చెప్పండి. మరుసటి పీరియడ్‌లో వాళ్లే దిద్దుకుంటారు.

వెళ్లే ముందు సరిచూసుకోవాల్సినవి:

- వరసల బొమ్మ, టిక్కులు
- ఉన్నవి ఉన్నట్టు రాసిన ప్రశ్నలు, కనీసం అయిదారు
- నాలుగు నోటుబుక్కుల్లో కనిపించినది
- మెచ్చుకోదగ్గది ఒకటి, ఏ నిమిషంలో జరిగిందో గుర్తుతో సహా

5. అదే రోజు మాట్లాడండి

ఈ పద్ధతిలో అసలు కష్టమంతా ఇక్కడే. క్లాసు చూసి మూడు రోజులు ఊరుకున్నారంటే ఆ టీచర్‌కు మూడు రోజులు టెన్షన్. ఆ రోజు సాయంత్రం బెల్ లోపు మాట్లాడాల్సిందే, కుదరకపోతే మర్నాడు ప్రార్థన అయిన వెంటనే.

మీ బల్లకు ఎదురుగా కూర్చోబెట్టకండి. ఖాళీగా ఉన్న క్లాసు రూములోనో లైబ్రరీలోనో పక్కపక్కన కూర్చుని, కాగితాన్ని ఇద్దరి మధ్య పెట్టుకోండి. తలుపు తీసే ఉండాలి. మహిళా టీచర్లతో మాట్లాడే మగ హెచ్‌ఎంలకు ఇది మరీ ముఖ్యం. కానీ పక్కన ఇంకో టీచర్ ఉండకూడదు.

మొదటి మాట వాళ్లదే కావాలి. ఆరో తరగతిలో భిన్నాల పాఠం చూశాక మాట దాదాపు ఇలా నడుస్తుంది:

"మేడమ్, పాఠం ఎలా జరిగిందనిపించింది మీకు?"

"బాగానే జరిగింది సార్. పిల్లలు యాక్టివ్‌గానే ఉన్నారు."

"ఏడో తరగతి వాళ్లకైనా చెమటపట్టే లెక్కను వీళ్లతో కాగితం మడతపెట్టించి చేయించారు. అది నాకు బాగా నచ్చింది. ఇది చూడండి. మాట్లాడిన పిల్లలకు టిక్కులు పెట్టాను."

"కిటికీ వైపు ఒక్క టిక్కూ లేదేంటి సార్!"

"ఆ వరసలో నాలుగు నోటుబుక్కులు చూశాను. ముగ్గురు 1/2 కి 1/3 కలిపితే 2/5 అని వేశారు."

"పైవి పైవి, కిందవి కిందవి కలిపేశారన్నమాట. అందరూ అర్థమైందన్నారు సార్."

"అంటారు. వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో మనకు ముందే తెలియాలంటే ఏం చేద్దాం?"

ఇక్కడ ఆగండి. క్లాసులో టీచర్ ఆగాలన్న ఆ మూడు సెకన్లు మీకూ వర్తిస్తాయి. జవాబు మీ నాలుక మీదే ఉన్నా చెప్పకండి.

"బోర్డు మీద చేసే ముందు వాళ్లనే నోటుబుక్కులో రెండు నిమిషాలు వేయమని, నేను వరసల మధ్య తిరిగి చూస్తాను సార్. 2/5 వేసినవాళ్లను, అరకు ఇంకొంచెం కలిపితే అరకంటే తగ్గుతుందా అని అడిగితే వాళ్లకే తడుతుంది."

"అదొక్కటే చేయండి, రెండు వారాలు. ఆపై మంగళవారం మూడో పీరియడ్‌కు పదిహేను నిమిషాలు వస్తాను."

అక్కడితో లేవండి. బోర్డు మీద అక్షరాలు చిన్నగా ఉన్నాయనీ, గొంతు వెనక్కి వినపడలేదనీ మీ కాగితంలో ఇంకా చాలా ఉండొచ్చు. ఉండనివ్వండి. ఐదు విషయాలు చెబితే ఆ టీచర్ ఇంటికి తీసుకెళ్లేది ఒక్కటే, "సార్‌కు నా పాఠం నచ్చలేదు" అన్నది.

మెచ్చుకునేటప్పుడు జరిగినదాన్ని చెప్పండి. "చాలా బాగుంది మేడమ్, కానీ..." అని మొదలుపెడితే ఆ "కానీ" ముందు మాటలు ఎవరికీ వినపడవు.

6. మార్పు ఎంత చిన్నదిగా ఉండాలి?

రేపటి పీరియడ్‌లోనే చేయగలిగేంత చిన్నదిగా. వెనక కూర్చున్న మనిషి చూసి "జరిగింది" లేదా "జరగలేదు" అని చెప్పగలిగేంత స్పష్టంగా. "విద్యార్థి కేంద్రిత బోధన చేయాలి" అన్నది రేపు చేసే పని కాదు. ఇవి చేయగలిగే పనులు:

- ప్రశ్న అడిగి మూడు లెక్కపెట్టాకే పేరు పిలవడం
- పీరియడ్‌కు ఇద్దరు వెనక వరస పిల్లలతో చదివించడం
- "అర్థమైందా" బదులు "నీ మాటల్లో చెప్పు" అనడం
- చివరి ఐదు నిమిషాల్లో ఒక్క లెక్క, ఒక్క వాక్యం సొంతంగా రాయించి చూడటం

చివరిదానికి చట్టం కూడా తోడుంది. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడాన్ని టీచర్ విధుల్లో చేర్చింది. ఆ ఐదు నిమిషాల పనితోనే అంచనా రోజూ జరిగిపోతుంది. అయితే టీచర్‌తో మాట్లాడేటప్పుడు సెక్షన్ నంబర్లు ఎత్తకండి, ఇది మీ కోసం చెప్పాను.

7. మళ్లీ వెళ్లండి

చెప్పిన రోజు, చెప్పిన పీరియడ్‌కు తప్పకుండా వెళ్లాలి. ఆ రోజు డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో మీటింగ్ పడితే ముందే చెప్పి వేరే తేదీ ఇవ్వండి. రెండుసార్లు ఎగ్గొట్టారంటే మీకే పట్టదని వాళ్లకు అర్థమైపోతుంది.

పదిహేను నిమిషాల్లో ఆ ఒక్క విషయమే చూడండి. జరుగుతుంటే వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పండి, చాలు. జరగకపోతే కారణం అడగండి. చాలాసార్లు కారణం సబబుగానే ఉంటుంది: సిలబస్ వెనకబడిందని భయం, పక్క సెక్షన్ టీచర్ సెలవులో ఉండి ఆ క్లాసు కూడా అడ్జస్ట్‌మెంట్‌గా వీళ్ల మీద పడటం, నోటుబుక్కుల కరెక్షన్ పేరుకుపోవడం. అడ్జస్ట్‌మెంట్ లాంటివి మీరు తీర్చగలిగేవి. ఆ వారం ఆ టీచర్‌కు ఒక్క అడ్జస్ట్‌మెంట్ తగ్గించి చూడండి, మాటకంటే అది బాగా పనిచేస్తుంది.

8. టీచర్లే ఒకరి పాఠం ఒకరు చూసేలా

రెండు చుట్లు పూర్తయ్యాక, అంటే దాదాపు మూడు నెలలకు, వెనక బెంచీలో మీరే కూర్చోవాల్సిన అవసరం తగ్గుతుంది. ఎవరి దగ్గర ఏది బాగుందో మీకు ఈపాటికి తెలుసు. ఇంగ్లిష్ సార్ పిల్లలతో జంటల్లో మాట్లాడించడం బాగా చేస్తారు, సోషల్ మేడమ్‌కు అది కావాలి. ఇద్దరి లీజర్లు కలవకపోతే టైమ్‌టేబుల్ మార్చండి, లేదా ఆ పీరియడ్ మీరే తీసుకోండి.

పేర్లు స్టాఫ్ మీటింగ్‌లో ప్రకటించొద్దు. ఇద్దరితో విడివిడిగా మాట్లాడి ఒప్పించండి. ఎవరిది ఎవరు చూశారో ఒక్క పట్టికలో రాసుకుంటే చాలు.

9. తరచూ జరిగే తప్పులు

*సడన్‌గా వెళ్లడం.* "అసలు రంగు తెలుస్తుంది" అంటారు. తెలిసేది భయపడ్డ టీచర్ రంగు. బడి అంతా ఒక చుట్టు తిరిగి రావడం వేరే పని, అది రోజూ చేయండి, ఎక్కడా కూర్చోకండి.

*బలహీనమైన టీచర్ నుంచి మొదలుపెట్టడం.* అందరికీ తెలిసిపోతుంది. మొదటి చుట్టు పాఠం బాగా చెబుతారని పేరున్నవాళ్ల నుంచి మొదలుపెట్టండి.

*ఫొటోలు.* వెనక బెంచీలో కూర్చుని ఫోన్ తీసి ఫొటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు చాలామందికి ఉంది. మానేయండి.

*మీ సబ్జెక్టు పాఠాన్నే నిలదీయడం.* లెక్కల హెచ్‌ఎంలు లెక్కల టీచర్‌నే ఎక్కువ సతాయిస్తారు, హిందీ క్లాసులో దండం పెట్టి బయటికొస్తారు. భాష రాకపోయినా ఎవరు మాట్లాడారో, ఎంతసేపు ఆగారో, ఎవరు సొంతంగా రాశారో కనిపిస్తుంది. హిందీ నాకు అంతంతమాత్రమే, అయినా ఆ క్లాసులో వేసిన వరసల బొమ్మే నా దగ్గర అన్నిటికంటే శుభ్రంగా ఉంది.

10. ఇబ్బందికరమైన సందర్భాలు

*మీకంటే సీనియర్ టీచర్ ఒప్పుకోకపోతే.* వాదించకండి. "నా క్లాసుకు వచ్చి చూసి చెప్పండి మాస్టారూ" అని వరసగా రెండుసార్లు పిలవండి. చూసి తప్పు పట్టడం ఆయనకు ఇష్టమే అవుతుంది. మూడోసారి ఆయన క్లాసుకు మీరు వెళ్లొచ్చా అని అడిగితే కాదనడం కష్టం.

*ఇన్‌చార్జిగానో, ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) మీదనో ఉంటే.* నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చున్న తోటి టీచర్ వచ్చి పాఠం చూస్తానంటే ఎవరికైనా మండుతుంది. మీరు నేరుగా 8వ మెట్టుకు వెళ్లిపోండి. ఒకరిది ఒకరు చూసుకునే పట్టిక పెట్టి, మొదటి పేరు మీదే రాయండి.

*ప్రాథమిక పాఠశాలలో ఇద్దరే టీచర్లుంటే.* మీరు పక్క గదికి వెళ్తే మీ గదిలో పిల్లలు ఖాళీ. నెలకు ఒకసారి, పిల్లలందరికీ చదివే పని ఇచ్చి, ఇరవై నిమిషాలు మాత్రం చూడండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో పక్క ఊరి హెచ్‌ఎంతో జత కట్టడం ఇంకా మంచిది.

*పాఠం నిజంగా ఘోరంగా ఉంటే.* పిల్లల్ని కొట్టడం, అవమానించడం కనిపిస్తే ఈ పద్ధతి అక్కడితో ఆపేయండి. అది పరిశీలన పరిధిలోది కాదు, అదే రోజు పరిపాలన పరంగా తీసుకోవాల్సిన చర్య. మొదటి స్టాఫ్ మీటింగ్‌లోనే ఈ ఒక్క మినహాయింపు చెప్పి ఉంచండి.

11. ఏది ఎక్కడ రాయాలి

పరిశీలన రిజిస్టరులో తేదీ, తరగతి, పాఠం పేరు, అనుకున్న ఒక్క మార్పు, ఇద్దరి సంతకాలు. అంతే. ఎంఈఓ (మండల విద్యాధికారి) వచ్చినా, ఇన్‌స్పెక్షన్ టీమ్ వచ్చినా చూపించేది అదే.

వరసల బొమ్మలు, మీరు రాసుకున్న ప్రశ్నలు వేరే నోటుబుక్కులో ఉంటాయి. బొమ్మ ఉన్న కాగితాన్ని మాట్లాడిన రోజే ఆ టీచర్‌కు ఇచ్చేసి, మీకు ఫొటోస్టాట్ ఒకటి ఉంచుకోండి. మీకు బదిలీ అయితే రిజిస్టరూ, ఎవరిది ఎవరు చూశారన్న పట్టికా కొత్త హెచ్‌ఎంకు అప్పగించండి. ఆ నోటుబుక్కు మాత్రం మీ సంచిలోనే వెళ్లాలి.